బావగారి బండికి నల్ల అద్దాలు ఉండొచ్చట, మా కారుకి కూడదట!

పేరు రాయొద్దని కోరుతూ న్యూయార్క్ రాష్ట్రం నుంచి ఒకావిడ పెద్ద ఉత్తరం రాశారు. ఆవిడకి ఐదు నెలల పాప. మొన్నటిదాకా టెక్సస్‌లో ఉండేవారు. భర్త ఉద్యోగం మారడంతో న్యూయార్క్ వచ్చేశారు. పాప కడుపులో ఉన్నప్పుడే, పుట్టబోయే బిడ్డకి ఎండ తగలకూడదని, తమ సెడాన్‌కి టింట్ ఫిల్మ్ వేయించారు. ముందు డోర్లకి 35 శాతం ఫిల్మ్, వెనక డోర్లకీ వెనక అద్దానికీ 20 శాతం ఫిల్మ్. పాప పుట్టాక ఆ వెనక సీటే ఆవిడకి గది అయింది. బజారుకి వెళ్లినా, ఎవరింటికి వెళ్లినా, కారు ఆపుకుని అక్కడే పాలు పట్టేవారు. "ఆ అద్దాల వెనక కూర్చుంటే నన్నెవరూ చూడరన్న ధైర్యం ఉండేది" అని రాశారు.

న్యూయార్క్ ప్లేట్లు తీసుకున్నాక ఇన్‌స్పెక్షన్‌కి వెళ్తే కారు ఫెయిలైంది. మెకానిక్ అద్దానికి చిన్న మీటరు పెట్టి చూసి, నాలుగు డోర్ల ఫిల్మూ తీసేయాలన్నాడు. అదే వారంలో, అదే గ్యారేజీలో, ఆవిడ బావగారి ఎస్‌యూవీ పాసైంది. ఆ బండి వెనక అద్దాలు ఇంచుమించు వీళ్ల కారు అద్దాలంత నల్లగానే ఉన్నాయి. కొత్తగా వచ్చినవాళ్లమని తమని చిన్నచూపు చూశారని ఆవిడ భర్త నమ్ముతున్నారు. దానికితోడు బావగారు భోజనాల దగ్గర అందరి ముందూ "అందుకే ముందే పెద్ద బండి కొనుక్కోమన్నాను" అన్నారట. అప్పట్నుంచి అన్నదమ్ముల మధ్య మాటల్లేవు. ఇప్పుడు ఇంట్లో మూడు ఆలోచనలు నడుస్తున్నాయి. ఫిల్మ్ తీసేసి, ఇన్‌స్పెక్షన్ అయ్యాక మళ్లీ వేయించుకోవడం. కారు అమ్మేసి లోన్ మీద ఎస్‌యూవీ కొనడం. డాక్టరు దగ్గర ఉత్తరం తెచ్చుకోవడం. "టింట్ వేయిద్దామన్నది నేనే. ఇదంతా నావల్లే అయిందనిపించి నిద్ర పట్టడం లేదు. ఏం చేయమంటారు? మా వారితో ఈ మాట ఎలా ఎత్తాలి?" అన్నది ఆవిడ ప్రశ్న. చివర్లో బావగారి గురించే ఇంకో చిన్న ప్రశ్న కూడా ఉంది, దానికి ఆఖర్న వస్తాను.

అమ్మా,

ముందుగా ఆ "నావల్లే" అన్న మాట తీసేద్దాం. మీరు టెక్సస్‌లో చేసింది అక్కడి రూలు ప్రకారం సరైనదే. లెక్క చూడండి. 35 శాతం ఫిల్మ్ అంటే దాని గుండా 35 శాతం వెలుతురు వస్తుందని. కానీ దాని కింద ఉన్న అద్దం కూడా కొంత వెలుతురు ఆపుతుంది. కంపెనీ అద్దం 78 శాతం వెలుతురు రానిస్తే, రెండూ కలిపి 27 శాతం దగ్గర తేలుతుంది. టెక్సస్ ముందు డోర్లకి అడిగేది 25 శాతం. వెనక డోర్లకి అక్కడ పరిమితే లేదు. రెండు పక్కలా బయటి మిర్రర్లు ఉంటే వెనక అద్దానికీ లేదు. పైగా అక్కడ సెడాన్ అయినా ఎస్‌యూవీ అయినా లెక్క ఒకటే. అందుకే బండి ఏ రకం అన్న ప్రశ్న మీకెప్పుడూ ఎదురు కాలేదు.

న్యూయార్క్ చట్టం అలా కాదు. ముందు డోర్ల అద్దాల గుండా కనీసం 70 శాతం వెలుతురు రావాలి, ఏ బండికైనా ఇంతే. వెనక డోర్ల దగ్గరికి వచ్చేసరికి చట్టం బండి రకాల పేర్లు చెబుతుంది: స్టేషన్ వ్యాగన్, సెడాన్, హార్డ్‌టాప్, కూపే, హ్యాచ్‌బ్యాక్, కన్వర్టిబుల్. ఇవైతే వెనక డోర్ల అద్దాలకి కూడా 70 శాతం ఉండాల్సిందే. ఆ జాబితాలో ఎస్‌యూవీ లేదు, మినీవ్యాన్ లేదు. మీ బావగారి బండి పాసవడానికీ మీది ఫెయిలవడానికీ కారణం ఆ ఒక్క వాక్యమే. 2017 జనవరి 1 నుంచి ఇన్‌స్పెక్షన్‌లో టింట్ కూడా కొలుస్తున్నారు కాబట్టి మెకానిక్ చూసీ చూడనట్టు వదిలేయడానికి వీల్లేదు.

మీ వారికి నా మాట మీద నమ్మకం కుదరకపోతే, ఈసారి రెండు బళ్లూ ఒకచోట ఉన్నప్పుడు ఇద్దరూ వెళ్లి చూడండి. బావగారి బండి వెనక డోర్ అద్దం కింది మూలన చాలా చిన్న తెల్లటి అక్షరాలు ఉంటాయి. తయారు చేసిన కంపెనీ గుర్తు, డాట్ (DOT) అన్న మాట పక్కన ఒక నంబరు, ఆ దగ్గర్లోనే ఏఎస్ (AS) అన్న రెండు అక్షరాలూ ఒక అంకె. నల్లటి అద్దం మీద అది 3. తర్వాత అదే బండి ముందు డోర్ అద్దం చూడండి, అక్కడ 2 ఉంటుంది. మీ సెడాన్ వెనక డోర్ అద్దం మీద కూడా 2 ఉంటుంది. ఏఎస్-2 అంటే కనీసం 70 శాతం వెలుతురు రానిచ్చే అద్దం. ఏఎస్-3 అంటే అంతకంటే తక్కువ రానిచ్చేది, డ్రైవరు చూపుకి తప్పనిసరి కాని చోట్ల మాత్రమే పెట్టడానికి అనుమతి ఉన్నది.

ఇప్పుడు డ్రైవర్ డోర్ తెరిచి, డోర్ మూసుకునే చోట ఫ్రేము మీద అంటించిన స్టిక్కర్ చదవండి. బండి తయారైన నెల, బరువులు, చాసిస్ నంబరు, వాటితోపాటు బండి రకం కూడా అచ్చేసి ఉంటుంది. మీదానిమీద ప్యాసింజర్ కార్ అని, బావగారి దానిమీద ఎంపీవీ, అంటే మల్టీపర్పస్ ప్యాసింజర్ వెహికల్ అని ఉంటుంది. ఆ రెండు ముక్కలూ వేసింది ఫ్యాక్టరీ. మీ గ్యారేజీలో ఎవరూ మీ మొహం చూసి తీర్పు చెప్పలేదు. బయటివాళ్లమని మనల్ని తక్కువగా చూసే సందర్భాలు ఈ దేశంలో లేవని నేను అనను, మీ వారికి ఆ అనుమానం ఊరికే రాలేదు. కానీ ఈసారి మాట్లాడింది మీటరు.

అయితే ఫ్యాక్టరీ ఎస్‌యూవీకి నల్లద్దం ఎందుకు పెడుతుంది, సెడాన్‌కి ఎందుకు పెట్టదు? బళ్ల అద్దాలకి సంబంధించి అమెరికా ఫెడరల్ భద్రతా ప్రమాణం ఒకటుంది, దాని నంబరు 205. బండి నడపడానికి అవసరమైన చూపు ఏ అద్దం గుండా వస్తుందో ఆ అద్దం 70 శాతం వెలుతురు రానివ్వాలన్నది అందులోని సూత్రం. ప్యాసింజర్ కారుకి అన్ని అద్దాలూ ఆ లెక్కలోకే వస్తాయి. ట్రక్కులకీ, బస్సులకీ, ఎంపీవీలకీ మాత్రం ముందద్దం, డ్రైవరుకి ఎడమా కుడీ ఉన్న అద్దాలు ప్రధానం. వెనక భాగానికి బయటి మిర్రర్లు చాలనుకున్నారు. దీని వెనక పాత ఆలోచన ఉంది. ట్రక్కు వెనకాల సామాను నిండి ఉంటుంది, సరుకుల వ్యాన్‌కి వెనక కిటికీలే ఉండవు, డ్రైవరు మిర్రర్లలో చూసుకుంటూ నడుపుతాడు. అలాంటప్పుడు వెనక అద్దం నల్లగా ఉంటే పోయేదేమీ లేదు. ఆ తర్వాత అదే ట్రక్కు వర్గంలోంచి కుటుంబాలు తిరిగే ఎస్‌యూవీలు, మినీవ్యాన్లు వచ్చాయి. రూలు వాటితోపాటే వాటి వెనక సీట్లలోకి కూడా వచ్చింది.

నన్నడిగితే ఈ తేడా తల్లులకి న్యాయంగా అనిపించకపోవడం సహజం. సెడాన్‌లో కూర్చున్న పాప మీద పడే ఎండ, ఎస్‌యూవీలో పాప మీద పడే ఎండ వేరువేరు కాదు. కానీ రూలు రాసినవాళ్లు పాప గురించి ఆలోచించలేదు, డ్రైవరు చూపు గురించి ఆలోచించారు. ఆ మాట కూడా తీసిపారేయలేం. సెడాన్‌లో లేన్ మారేటప్పుడు మెడ తిప్పి చూసేది ఆ వెనక డోర్ అద్దంలోంచే. రాత్రి వానలో 16 శాతం వెలుతురు వచ్చే అద్దంలోంచి పక్కన వచ్చే సైకిలు ఎంత కనబడుతుందో మీ వారిని ఒకసారి నిజాయితీగా చెప్పమనండి. మీ వెనక డోర్ల ఫిల్మ్, అద్దం కలిపితే వచ్చేది ఆ 16 శాతమే.

ఇంకో సంగతి. బావగారి అద్దం మీద ఫిల్మ్ లేదు. అద్దం కరిగించేటప్పుడే అందులో రంగు కలిపేస్తారు. దాన్నే ప్రైవసీ గ్లాస్ అంటారు. మీది పైన అంటించిన పొర. చూడ్డానికి ఒకటే, కానీ పుట్టుక వేరు. ఫెడరల్ ప్రమాణం బండి తయారీదారుణ్ణీ, డీలర్లనీ, రిపేరు షాపులనీ కట్టడి చేస్తుంది. సొంత కారుకి మీరు ఏం చేసుకున్నారన్నది చూసేది రాష్ట్రం. అందుకే రాష్ట్రం మారితే మీ కారు మారకపోయినా లెక్క మారిపోయింది.

మీ ఉత్తరం రెండోసారి చదివినప్పుడు నాకు తోచింది చెబుతాను. మీకు కావలసినవి రెండు: ఎండ తగలకపోవడం, పాలు పట్టేటప్పుడు కాస్త చాటు. ఇన్నాళ్లూ ఒక్క ఫిల్మే ఆ రెండూ ఇచ్చింది కాబట్టి అది పోతే రెండూ పోతాయనిపిస్తోంది. వాటిని విడదీసి చూస్తే దారి కనబడుతుంది.

ఎండ సంగతి ముందు. అద్దం నల్లగా ఉంటే అతినీలలోహిత కిరణాలు ఆగుతాయని చాలామంది అనుకుంటారు. నలుపుకీ ఆ కిరణాలు ఆగడానికీ నేరుగా సంబంధం లేదు. 2016లో జామా ఆఫ్తాల్మాలజీ అనే వైద్య పత్రికలో ఒక పరిశీలన వచ్చింది. 15 కంపెనీలకి చెందిన 29 కార్లు కొలిచి చూస్తే, ముందద్దాలు యూవీ-ఏ అనే రకం అతినీలలోహిత కిరణాలని సగటున 96 శాతం ఆపాయి. డ్రైవరు పక్క అద్దాలు మాత్రం సగటున 71 శాతమే ఆపాయి, ఒక కారులో అయితే 44 శాతమే. కాబట్టి పక్క అద్దాల గురించి మీ భయం ఉత్తది కాదు. కానీ దానికి మందు నలుపు కాదు. దాదాపు పారదర్శకంగా ఉంటూ యూవీని ఆపే ఫిల్ములు ఉన్నాయి, వేడిని తగ్గించే సెరామిక్ రకాలూ ఉన్నాయి. న్యూయార్క్‌లో సెడాన్‌కి అలాంటిది వేసుకోవచ్చు, అద్దమూ ఫిల్మూ కలిపి 70 శాతం దాటితే చాలు. ఇక్కడే జాగ్రత్త పడాలి. 78 శాతం అద్దం మీద 90 శాతం ఫిల్మ్ వేస్తే 70 అంచున నిలబడుతుంది. అద్దమే 75 అయితే అదే ఫిల్మ్‌తో 67 దగ్గరికి పడిపోయి మళ్లీ ఫెయిల్. అందుకని పాత ఫిల్మ్ తీయించాక ముందు ఉత్త అద్దాన్ని మీటరుతో కొలిపించండి, తర్వాత ఫిల్మ్ ముక్క ఒకటి అద్దానికి ఆనించి మళ్లీ కొలవమనండి. ఈ పని చేయడానికి విసుక్కునే షాపుకి మీ కారు ఇవ్వకండి.

ఇక చాటు. పాలు పట్టేది కారు ఆగి ఉన్నప్పుడే కదా. కారు కదులుతున్నంతసేపూ పాప తన సీట్లో బెల్టు పెట్టుకునే ఉండాలి, అది మీకు చెప్పాల్సిన పని లేదు. ఆగినప్పుడు వెనక డోర్ ఫ్రేముకి తొడిగే గుడ్డ తెరలు వేసుకోండి. మళ్లీ కదిలే ముందు తీసేయండి, ఎందుకంటే నడుస్తున్న బండి అద్దాన్ని కప్పడం గురించి కూడా ఆ చట్టంలో మాట ఉంది. దారిలో పాప మీద ఎండ పడుతుంటే సీటుతో వచ్చిన గొడుగు పైకి లాగితే సరిపోతుంది. అన్నట్టు, న్యూయార్క్ చట్టం తల్లికి ఎక్కడైనా, బహిరంగ స్థలంలోనైనా, బిడ్డకి పాలిచ్చే హక్కు ఇచ్చింది. హక్కు ఉన్నంత మాత్రాన బిడియం పోదని నాకు తెలుసు. మీకు చాటు కావాలంటే కావాలి, దానికి ఎవరికీ సంజాయిషీ చెప్పుకోనక్కర్లేదు.

మీ ఇంట్లో నడుస్తున్న మూడు ఆలోచనల సంగతి ఇప్పుడు చూద్దాం.

తీసి మళ్లీ వేయించుకోవడం: చేసేవాళ్లు ఉన్నారు. ఇన్‌స్పెక్షన్ పాసైన స్టిక్కరు వస్తుంది కానీ కారు చట్టానికి లోబడినట్టు కాదు. ఎప్పుడు ఆపినా టికెట్ రాయొచ్చు, ఒకసారి రాశారని ఇంకోసారి రాయకుండా ఉండరు. పన్నెండు నెలలకి ఇన్‌స్పెక్షన్ మళ్లీ వస్తుంది, మళ్లీ తీయాలి, మళ్లీ డబ్బు. మీరు ఉత్తరంలో రెండుసార్లు "టెన్షన్" అన్నారు. ఇప్పటిదాకా జరిగింది ఇన్‌స్పెక్షన్ ఫెయిలవడం మాత్రమే, అది టికెట్ కాదు, కేసు కాదు. ఫిల్మ్ తీసి మళ్లీ చూపిస్తే అక్కడితో అయిపోతుంది. ఈ మొదటి దారి పడితే మాత్రం ఆ టెన్షన్‌ని ఏడాది పొడవునా కారులో ఎక్కించుకు తిరిగినట్టే. మీ వారు ఇదే కావాలంటే ఆయన నిర్ణయాన్ని నేను ఆపలేను, కానీ వెనక సీట్లో పాపతో రోడ్డు పక్కన ఆగాల్సి వచ్చేది మీరు కూడా అని ఆయనకి గుర్తు చేయండి.

డాక్టరు ఉత్తరం: న్యూయార్క్‌లో దీనికి ప్రత్యేక దరఖాస్తు ఉంది, ఎంవీ-80డబ్ల్యూ అంటారు. లూపస్, అల్బినిజం, పార్ఫీరియా, జీరోడెర్మా పిగ్మెంటోసమ్ లాంటి, వెలుతురు పడని జబ్బులు ఉన్నవాళ్ల కోసం పెట్టారు. డ్రైవరుకే ఉండాలని లేదు, ఆ కారులో ఎప్పుడూ ప్రయాణించే మనిషికి ఉన్నా చాలు. పాపకి గానీ మీకు గానీ నిజంగా అలాంటిది ఉంటే మొహమాటపడకుండా పెట్టండి. లేకపోతే డాక్టరుని ఇబ్బంది పెట్టకండి.

ఎస్‌యూవీ కొనడం: ఎలాగూ పెద్ద బండి అవసరమనుకుంటే కొనుక్కోండి. రెండు వెనక అద్దాల కోసమైతే లోన్ ఎక్కువ దూరం వస్తుంది. ఒకవేళ కొంటే, ఎత్తుగా కనబడిందని ఎస్‌యూవీ అనుకోకండి. క్రాస్‌ఓవర్ అని అమ్మే బళ్లలో ఏది ఏ వర్గమో పైకి చూస్తే తేలదు. ఫెడరల్ నిర్వచనం ప్రకారం ఎంపీవీ అంటే పదిమంది లేదా అంతకంటే తక్కువ మనుషుల కోసం, ట్రక్కు చాసిస్ మీద కట్టినది, లేదా అప్పుడప్పుడూ రోడ్డు దిగి నడవడానికి ప్రత్యేక ఏర్పాట్లున్నది. అది ఏ వర్గమో తేల్చి స్టిక్కర్ అంటించేది తయారీదారే. మైలేజీ లెక్కలకి మళ్లీ ఇంకో వర్గీకరణ ఉంది. 2005 మోడల్‌కి సుబారు కంపెనీ ఔట్‌బ్యాక్‌ని నేల నుంచి ఇంకాస్త ఎత్తు లేపి, మైలేజీ నిబంధనల్లో లైట్ ట్రక్కుగా లెక్కకట్టించింది, అందులో సెడాన్ కూడా ఉంది! న్యూయార్క్ రిజిస్ట్రేషన్ కాగితం మీద ఎస్.యు.బి.ఎన్. అని కనబడినా తొందరపడకండి. ఆ గుర్తు ఎస్‌యూవీలకే కాదు, స్టేషన్ వ్యాగన్లకీ హ్యాచ్‌బ్యాక్‌లకీ కూడా వేస్తారు. షోరూమ్‌లో ముందు డ్రైవర్ డోర్ తెరిచి స్టిక్కర్ చదవండి, ఆ తర్వాతే ధర అడగండి.

మీరు ఆలోచించని నాలుగో దారి ఒకటుంది, నాకైతే ఇదే తేలిక అనిపిస్తోంది. నాలుగు డోర్ల ఫిల్మ్ తీయించి, వెనక అద్దానిది మాత్రం అలాగే ఉంచేయండి. రెండు పక్కలా బయటి మిర్రర్లు ఉన్న బండికి వెనక అద్దం 70 శాతం కంటే తక్కువున్నా న్యూయార్క్ ఒప్పుకుంటుంది. మెకానిక్ మీకు నాలుగు డోర్లే చెప్పాడు, వెనక అద్దం మాట ఎత్తలేదు, గమనించారా? దీనివల్ల ఇంకో మేలు కూడా ఉంది. వెనక అద్దం లోపలివైపు మంచు కరిగించే సన్నటి గీతలుంటాయి, ఫిల్మ్ గీకేటప్పుడు బ్లేడు తగిలితే తెగిపోతాయి. న్యూయార్క్ చలికాలంలో ఆ గీతల విలువ మీకు తెలిసివస్తుంది. డోర్ల ఫిల్మ్ మాత్రం ఆవిరితోనో వేడిగాలితోనో తీసే షాపులో ఇవ్వండి, గమ్ము మిగలకుండా వస్తుంది.

మీ వారితో ఈ మాట ఎలా ఎత్తాలని అడిగారు. కారు సంగతితో మొదలుపెట్టకండి. ఆ వెనక సీటు మీకు ఎందుకంత ముఖ్యమైందో నాకు రాసినట్టు ఆయనకి ఎప్పుడైనా చెప్పారా? ఉత్తరంలో ఎక్కడా ఆ మాట లేదు. ఆయన దృష్టిలో ఇది పరువు సంగతి, అన్నయ్య ముందు తగ్గిపోయిన సంగతి. మీ దృష్టిలో ఇది చాటు సంగతి. ఆయనకి రెండోది తెలిస్తే, తెరలు కొనుక్కొచ్చి డోర్లకి కొలతలు చూసేది ఆయనే అవుతారేమో. బావగారి మాట మిమ్మల్ని నొప్పించిందంటే అర్థం చేసుకోగలను. ఆయన మాత్రం తన బండికి ఉన్న వెసులుబాటు ఎక్కణ్నుంచి వచ్చిందో తెలియక అన్నారు. రెండు డోర్ల స్టిక్కర్లూ పక్కపక్కన చదివించండి, మీరు వాదించే పనే ఉండదు.

ఇక మీరు చివర్లో అడిగింది. బావగారు తన ఎస్‌యూవీ ముందు డోర్లు తేలిపోయినట్టున్నాయని, వెనకవాటికి జోడుగా 20 శాతం ఫిల్మ్ వేయించబోతున్నారు, చెప్పాలా వద్దా అన్నారు. తప్పకుండా చెప్పండి, అదీ మీ వారి చేత ఫోన్ చేయించి. ఎంపీవీ అన్న పేరు కాపాడేది డ్రైవరు వెనకున్న అద్దాల్నే. ముందు డోర్లకి ఆయనకీ మీకులాగే 70 శాతమే.